"లేరు" అన్న మాట తరువాత

శ్రోతలకు నమస్కారం. ఆత్మీయులను పోగొట్టుకున్న దుఃఖాన్ని అక్షరాల్లో పెట్టడం గురించి ఈ పూట కొన్ని మాటలు మనవి చేస్తాను.

మా అమ్మ పోయిన కొన్నాళ్ళకు, ఆకుకూరలు అమ్మే ఒకావిడ చాలా రోజుల తరువాత మా వీధికి వచ్చి, గుమ్మం ముందు గంప దించుకుని, "అమ్మగారు ఉన్నారా?" అని అడిగింది. "లేరు" అన్నాను. "ఎప్పుడొస్తారు?" అంది. ఆమె తప్పేమీ లేదు. బజారుకు వెళ్ళినవారినీ, ఇక రానివారినీ మనం ఆ ఒక్క మాటతోనే చెబుతాం.

దుఃఖం గురించి రాయబూనినవారికి మొదట అడ్డుపడేది ఇలాంటి మాటలే. నిన్నటిదాకా "అమ్మ తెల్లవారుజామునే లేస్తుంది" అన్న నోటితో ఇవాళ "లేచేది" అనవలసి వస్తుంది. ఏదో దరఖాస్తులో కన్నవారి పేరుకు ముందు మొదటిసారి "కీ.శే." అని రాయవలసి వచ్చినప్పుడు చేయి ఆగిపోయిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ తడబాటును దాటడానికే కాబోలు, "తీరని లోటు", "ప్రేమమూర్తి" వంటి మాటలను ఆశ్రయిస్తాం. వాటిని నేను తక్కువ చేయను. పరామర్శకు వెళ్ళి నోరు పెగలక నిలబడినప్పుడు మనలను ఆదుకునేవి అవే. అయితే అవి అందరికీ సరిపోయే మాటలు గనుక, మనం పోగొట్టుకున్న ఆ ఒక్క మనిషి వాటిలో కనిపించరు.

మన పల్లెల్లో ఆడవాళ్ళు రాగం తీసి ఏడ్చే శోకాలను చదువుకున్నవాళ్ళం చిన్నచూపు చూశాం. అది అన్యాయమని నా నమ్మకం. వాళ్ళు పోయినవారి గురించి చెప్పరు, పోయినవారితోనే మాట్లాడతారు. పెంచిన దూడనూ, వేసిన పందిరినీ, పెళ్ళి కావలసిన పిల్లనూ పేరుపేరునా ఎత్తి, వీటిని ఎవరికి అప్పగించి పోయావని నిలదీస్తారు. ఎదురుగా పిలిచి అడుగుతున్నంతసేపూ "లేరు" అన్న మాటతో పని పడదు.

1937లో చిన్న వయసులోనే కన్నుమూసిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు కోసం రాసిన కవితలో శ్రీశ్రీ చేసినదీ అదే. 1950లో పుస్తకంగా వెలువడిన మహాప్రస్థానాన్ని ఆ మిత్రుడికే అంకితమిచ్చిన కవి, ఆయనను స్మరించుకుంటూ ప్రసంగించలేదు. నేస్తం అని పిలిచి, నువ్వు అంటూ మాట్లాడాడు. భార్యను పోగొట్టుకున్న విశ్వనాథ సత్యనారాయణ తన స్మృతికావ్యానికి ఆమె పేరే పెట్టి వరలక్ష్మీ త్రిశతి అన్నారు.

అమ్మ సంవత్సరీకానికి ఒక పేజీ రాసిమ్మని బంధువులు అడిగినప్పుడు, ఆమె సహనం గురించీ, త్యాగం గురించీ రాసి ఇచ్చాను. అందరూ బాగుందన్నారు. ఇంటికి వచ్చి చదువుకుంటే, అందులో మా అమ్మ ఎక్కడా కనిపించలేదు. పేరు మారిస్తే ఏ ఇంటి అమ్మకైనా సరిపోయేటట్టు ఉంది. ఆ రాత్రి ఇంకొక కాగితం తీసుకుని పైన "అమ్మా" అని రాసుకున్నాను. ఆ పిలుపు వెనుకనే, అంతవరకు గుర్తే రాని సంగతులు వచ్చాయి.

అమ్మా, ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు, మొదటి ముడి జారిపోకుండా దాని మీద వేలు పెట్టి నొక్కమని నన్ను పిలిచేదానివి. రెండో ముడి నా వేలి మీదుగానే బిగించి, "ఇక తియ్యి" అనేదానివి. చర్మం ఒరుసుకుపోయేటట్టు వేలు లాక్కునేవాణ్ణి. ఈ వేసవిలో జాడీకి వాసెన నేనే కట్టాను. మొదటి ముడి వేసి, రెండో ముడికి ఎవరిని పిలవాలో తెలియక, తాడు రెండు కొసలూ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.