ఫోనెత్తే మనిషి కావాలి

అందరికీ నమస్కారం.

2004 నుంచి ఏటా సెప్టెంబర్ 15న ప్రపంచ లింఫోమా అవగాహన దినం జరుపుతున్నారు. లింఫోమా అంటే ఒంట్లో జబ్బులతో పోరాడే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. ఈరోజు డాక్టర్లు మాట్లాడటం మామూలే. నేను డాక్టర్ని కాను, రోగులకు తోడుగా ఉండే ఒక చిన్న సంస్థలో పనిచేస్తాను. అందుకే ఇలాంటి సంస్థల్ని నడిపేవాళ్ల గురించి నాలుగు మాటలు చెబుతాను.

అమెరికాలో డివిలియర్స్ దంపతుల కొడుకు రాబీ పదహారేళ్లకే, 1944లో, లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో పోయాడు. 1949లో వాళ్లు కొడుకు పేరిట ఫౌండేషన్ పెట్టారు. అదే పెద్దదై 2000లో లుకేమియా అండ్ లింఫోమా సొసైటీ అయింది. 1991లో లాస్ ఏంజెలెస్‌లో లింఫోమా పరిశోధన కోసం సంస్థ పెట్టిన ఎలెన్ గ్లెస్బీ కోహెన్ స్వయంగా ఆ జబ్బు మనిషే. న్యూయార్క్‌లో అదే పని చేసే ఇంకో సంస్థ ఉండేది. 2001లో రెండూ కలిసి ఒకటయ్యాయి. మన దగ్గరైతే అధ్యక్షుడెవరన్న దగ్గరే మాటలు తెగిపోయేవి!

నాకు బాగా నచ్చింది మాత్రం బ్రిటన్‌లోని లింఫోమా యాక్షన్ చేసే ఒక పని. కొత్తగా జబ్బు తేలినవాళ్లను, అదే దారిలో నడిచొచ్చిన మనిషితో ఫోన్లో మాట్లాడిస్తారు. అంతే. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మన దగ్గర ఆ ఫోను ఇంకా ముందే మోగాలి. మెడలో నొప్పి లేని గడ్డ, విడవని జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, బరువు తగ్గడం... ఇవన్నీ టీబీలోనూ ఉంటాయి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి డాక్టరుకి ముందు అదే అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ పరీక్షలో టీబీ అని తేలకుండానే మందులు మొదలై, నెలలు గడిచినా గడ్డ తగ్గకపోతే, ‘బయాప్సీ చేయించమంటారా?’ అని అడగాలి. అంటే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షించడం. సూదితో తీసిన నాలుగు చుక్కలు చాలాసార్లు సరిపోవు. వీలైతే గడ్డ మొత్తం తీసి చూడాలి. లింఫోమాలో 60కి పైగా రకాలున్నాయి, ఏ రకమో తేలితేనే ఏ మందో తేలుతుంది.

మొన్న ఆదిలాబాద్ వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "అన్నా, రెండు కీమోలకే మా ఆయన గడ్డ కనవడకుండ పోయింది. పత్తి ఏరే టైము. మిగిలినవి బంద్ చేస్తే ఏమైతది?"

గడ్డ కనబడకపోయినా లోపల కణాలు మిగిలి ఉండొచ్చని నేను చెప్పాను. ఆమె ఊ కొట్టింది గానీ టెన్షన్ తగ్గలేదు. దాంతో కీమోలన్నీ పూర్తి చేసి మళ్లీ డ్యూటీ ఎక్కిన ఆర్టీసీ కండక్టర్ ఒకాయన్ని లైన్లోకి తీసుకున్నాను. ఆయన జబ్బు ఊసే ఎత్తలేదు. "చెల్లె, రానుపోను చార్జీలకు ఇబ్బందైతుందా?" అన్నాడు. అసలు సంగతి అదే. ఆరోగ్యశ్రీలో చికిత్స జరిగిపోతోంది, కానీ తోడు వచ్చే మనిషి కూలి, ఆస్పత్రి బయట రూము అద్దె ఎవరిస్తారు? అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆరోజు నుంచి మా విరాళాల్లో పెద్ద వాటా ఈ ఖర్చులకే పోతోంది.

ఆ కండక్టర్ గారు ఇప్పుడు మా కమిటీలో ఉన్నారు. ఇలాంటివాళ్లు ఇంకా కావాలి. లంబాడీ మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు మా ఫోన్ దగ్గర ఒక్కరూ లేరు. చికిత్స పూర్తయినవాళ్లు ఈ హాల్లో ఉంటే, భోజనాలకు వెళ్లేలోపు గుమ్మం దగ్గర మా అమ్మాయికి నంబరు రాయించండి.