పెరిగింది ధర ఒక్కటే కాదు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, గేమింగ్ క్లబ్ పిల్లలకి థాంక్స్. పరిచయంలో నా గురించి చాలా చెప్పేశారు, అంత లేదు, చాలా ఏళ్లు గేమ్ డిస్క్‌లు కొని, అమ్మి, మార్చి ఇచ్చే షాపు నడిపాను, అంతే. గేమింగ్‌లో ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. దానికీ వస్తాను, కానీ ముందు ధరల సంగతి చెప్పనివ్వండి, ఇది ఎక్కడో ఒకచోట చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

2005 నుంచి దాదాపు 2020 దాకా అమెరికాలో పెద్ద గేమ్ అంటే 60 డాలర్లు. 2020లో టూకే అనే గేమ్ కంపెనీ వాళ్లు బాస్కెట్‌బాల్ గేమ్‌కి 70 అన్నారు, సోనీ కూడా అదే బాట పట్టింది. మన దగ్గర సోనీ గేమ్ మెషీన్ పీఎస్4 కాలంలో 3,999 రూపాయలున్న గేమ్ దాని తర్వాతి పీఎస్5 వచ్చేసరికి 4,999 అయింది. 2025లో నింటెండో కంపెనీ మారియో కార్ట్ వరల్డ్ అనే గేమ్‌కి ఏకంగా 80 డాలర్లంది. మైక్రోసాఫ్ట్ కూడా ది ఔటర్ వరల్డ్స్ 2 గేమ్‌కి 80 అని ప్రకటించి, జనం గోల చేసేసరికి జులైలో 70కి దిగింది. ఇది గుర్తుపెట్టుకోండి, దిగారు!

ఖర్చులు పెరిగాయంటారు. నిజమే. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 అనే సోనీ గేమ్ తయారీకి 22 కోట్ల డాలర్లు అయిందని 2023లో అమెరికా కోర్టు కాగితాల్లో బయటపడింది, నల్ల మార్కర్‌తో కొట్టేసిన అంకెలు కింద కనబడిపోయాయి. అప్పటి 60 డాలర్ల విలువ ఇప్పుడు లేదన్నదీ ఒప్పుకుంటాను. కానీ డౌన్‌లోడ్‌లో డిస్క్ లేదు, పెట్టె లేదు, లారీ లేదు, మిగిలిపోయిన సరుకు బాధ లేదు, మరి ఆ మిగులు ఎవరికి పోయింది? పైగా అదనపు సరుకుకి ఇంకా డబ్బు కట్టమని డీలక్స్ ఎడిషన్, సీజన్ పాస్. ఫుట్‌బాల్ గేమ్ ఆడేవాళ్లకి తెలుసు, ఆటగాళ్లొచ్చే ప్యాక్‌ల మీద డబ్బులు పెట్టి టీమ్ కట్టుకుంటే వచ్చే ఏడాది కొత్త గేమ్‌లో మళ్లీ సున్నా నుంచే.

అసలు సంగతికి వస్తాను. మా షాపుకి హాస్టల్ కుర్రాళ్లు నలుగురు వచ్చేవాళ్లు. తలా 1,250 వేసుకుని కొత్త డిస్క్ ఒకటి కొనేవాళ్లు, వారానికొకరు ఆడేవాళ్లు, నెల తిరిగేసరికి నా దగ్గరికి తెస్తే నేను మూడు వేలిచ్చేవాణ్ని. అంటే మనిషికి పడింది 500. ఆ డిస్క్‌ని నేను ఇంకొకరికి అమ్మేవాణ్ని, అలా అది ఎన్ని చేతులు మారేదో! కొత్త గేమ్ కొనలేని పిల్లలు ఈ సెకండ్ హ్యాండ్ డిస్క్‌ల మీదే ఆడి పెరిగారు. ఇప్పుడు అదే గేమ్ డౌన్‌లోడ్‌లో కూడా 4,999, కానీ అమ్మలేరు, ఫ్రెండ్‌కి ఇవ్వలేరు, చేతికి ఏమీ రాదు. వెయ్యి పెరిగిందని అందరూ అంటున్నారు, నా లెక్కలో ఆ కుర్రాడికి 500 ఉన్నది 4,999 అయింది. 2024లో పీఎస్5 ప్రో వచ్చినప్పుడు అమెరికాలో 700 డాలర్లు, డిస్క్ పెట్టే డ్రైవ్ కావాలంటే విడిగా కొనుక్కోవాలి!

కొన్నది మనదేనా అంటే అదీ కాదు. యూబీసాఫ్ట్ కంపెనీ వాళ్ల ది క్రూ అనే కార్ల గేమ్ 2014లో వచ్చింది. 2024 మార్చి 31న ఆ గేమ్‌ని ఆన్‌లైన్‌లో నడిపే కంపెనీ కంప్యూటర్లు, అంటే సర్వర్లు, ఆపేశారు. ఒక్కరే ఆడుకునే కథ కూడా ఆగిపోయింది, ఎందుకంటే దానికీ సర్వర్ కావాలి. డిస్క్ కొని బీరువాలో పెట్టుకున్నవాళ్లకీ పనిచేయలేదు. కొద్ది రోజులకి ఖాతాల్లోంచి లైసెన్స్, అంటే ఆడుకునే అనుమతి, కూడా తీసేశారు. డబ్బులిచ్చి కొన్న వస్తువండీ! ఈ గేమ్ ఆగిపోవడంతో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అని ఒక ఉద్యమం మొదలుపెట్టాడు, యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టం ఉంది, మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమే అయితే ఆ మాట ముందే చెప్పి తీరాలి. మన దగ్గరా అలాంటిది అడగాలి కదా, ఇక్కడ లా చదివే స్నేహితులు ఎవరికైనా ఉన్నారా? చేతులెత్తండి. ఉన్నారు, చూశారా. వాళ్లతో ఈ సాయంత్రమే మాట్లాడండి.

ఉద్యోగాల గురించి అడిగారు. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్‌లో దాదాపు 69 బిలియన్ డాలర్లకి యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని కొంది, 2024 జనవరిలో గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. అందుకే ఎక్కువ ధర ఇస్తే తయారుచేసేవాళ్లకి మేలన్న మాట నేను నమ్మను. ఆస్ట్రేలియాలో ఒక చిన్న టీమ్ సిల్క్‌సాంగ్ అనే గేమ్‌ని 20 డాలర్లకే ఇస్తే, విడుదలైన రోజు జనం తాకిడికి ఆన్‌లైన్ స్టోర్లే ఆగిపోయాయి. ఉద్యోగం చేయాలనుకుంటే అలాంటి టీమ్‌లు వెతకండి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట. గేమ్ రాకముందే డబ్బు కట్టే ప్రీఆర్డర్లు మానేయండి, నెల ఆగితే ఏమీ కాదు. క్లబ్ సెక్రటరీ బాబూ, మీ రూమ్‌లో ఒక బీరువా ఖాళీ చేయండి, నా దగ్గర మిగిలిన డిస్క్‌లన్నీ సోమవారం పంపిస్తాను, పేరు రాసుకుని తీసుకెళ్లి ఆడుకోండి, ఆడాక తెచ్చి పెట్టేయండి.