బెత్తానికి తల్లిదండ్రుల సమ్మతి

శ్రోతలకు నమస్కారం. బిడ్డను బడిలో చేర్చడానికి వచ్చిన తండ్రి, "మాట వినకపోతే తోలు తీయండి పంతులుగారూ, మేమేమీ అనుకోము" అని చెప్పి వెళ్ళడం మనలో చాలామంది చెవులారా విన్నదే. పిల్లవాణ్ణి తాడుకు వేలాడదీసే వీధిబడి కోదండం నుంచి గోడకుర్చీ, తొడపాశాల వరకు అన్నీ ఆ అనుమతి నీడలోనే సాగాయి. ఇందుకు సమర్థనగా "దండం దశగుణం భవేత్" అని వల్లిస్తుంటారు గాని, ఆ శ్లోకం పక్షులను, కుక్కలను, పాములను అదలించడానికి, బురదలో, నీటిలో, చీకటిలో, ముసలితనంలో ఊతకు పనికివచ్చే చేతికర్రను గురించినది. అందులో పిల్లల ఊసే లేదు.

ఈ సమ్మతికి చట్టంలోనూ ఒక మూలం ఉంది. పన్నెండేళ్ళలోపు బిడ్డ మేలు కోరి, సంరక్షకుని సమ్మతితో, సద్బుద్ధితో చేసిన పని నేరం కాదని 1860 నాటి భారత శిక్షాస్మృతి చెప్పింది. బిడ్డను కొట్టిన ఉపాధ్యాయులు న్యాయస్థానాలలో ఆశ్రయించినది ఈ నిబంధననే. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా దానిని అలాగే నిలుపుకొంది. అయితే 2010 ఏప్రిల్ నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను శారీరక శిక్షనే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. తల్లిదండ్రుల సమ్మతి అనే మినహాయింపు అందులో ఎక్కడా లేదు. మార్కులు తగ్గిన అమ్మాయిని తరగతి ముందు నిలబెట్టి, కులమో, తండ్రి వృత్తియో ఎత్తి ఎగతాళి చేయడం బెత్తపు దెబ్బకంటె తక్కువ గాయమని నేను అనుకోను.

ఆ చట్టం దృష్టిలో బాలలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళవారే కాబట్టి, పరీక్షల ఒత్తిడి ముదిరే పదో తరగతి పిల్లలలో ఎక్కువమంది దాని పరిధి దాటిపోతారు. వారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం దిక్కు: పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డను తన అధీనంలో ఉంచుకొని హింసించినవారికి మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. యాభై మందిని ఒక్కరే సంబాళించవలసిన ఉపాధ్యాయుని విసుగు నాకు తెలియనిది కాదు. కాని ఆ విసుగుకు మందు మరొక ఉపాధ్యాయుడే గాని బెత్తం కాదు.

ఇంతకూ ఫిర్యాదులు ఎందుకు రావు? దెబ్బ తిని ఇంటికి వచ్చిన బిడ్డను, "నువ్వేం చేశావు?" అని ముందుగా అడిగేది మనమే కనుక. ప్రభుత్వ బడులలోని యాజమాన్య కమిటీలలో కనీసం మూడు వంతులు, అంటే నూటికి డెబ్బై అయిదుగురు, తల్లిదండ్రులే ఉండాలన్నది కూడా విద్యాహక్కు చట్టం మాటే. మధ్యాహ్న భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి ఆ సమావేశంలో అడిగే తల్లి, తన బిడ్డను కొట్టడానికి తాను ఎవరికీ అనుమతి ఇవ్వలేదన్న మాటను కూడా మినిట్సు పుస్తకంలో రాయించవచ్చు.