సీత ఎక్కడికి పోయింది?

(ఒడిశాలోని బరంపురంలో లైబ్రరీ సిబ్బంది శిక్షణ తరగతి మొదటి రోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. గంజాం, గజపతి, రాయగడ మూడు జిల్లాల నుంచీ వచ్చారు. గుణుపురం వాళ్లు తెల్లారకుండానే బస్సెక్కి ఉంటారు. నిద్రొస్తే మొహమాటపడకండి. శిక్షణ తరగతుల్లో కునుకు తీసిన అనుభవం నాకూ ఉంది.

మా లైబ్రరీకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో నన్ను ఒకరోజు శిక్షణకి పంపారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరమీద ఇంగ్లిష్ స్లయిడ్లు నడిచాయి. చెప్పేవాడు మంచివాడే గానీ, మౌస్ మాత్రం ఆయన చేతిలోంచి ఒక్కసారి కూడా మా చేతికి రాలేదు. సాయంత్రం టీ, బిస్కెట్లు, సర్టిఫికెట్. మర్నాడు కౌంటర్లో కూర్చుంటే లాగిన్ ఎక్కడ కొట్టాలో తెలీలేదు. సర్టిఫికెట్‌కి ఫ్రేము మాత్రం కట్టించాను. ఇంట్లో ఇప్పటికీ ఉంది.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక మామ్మగారు వచ్చారు. పాత పాఠకురాలు. సీత మీద రాసిన ఒక తెలుగు పుస్తకం కావాలన్నారు. నేను గొప్పగా కీబోర్డు ముందుకి లాక్కుని ఇంగ్లిష్ అక్షరాల్లో సీత అని కొట్టాను. ఏమీ లేదంది కంప్యూటర్. "లేదండీ" అన్నాను నేనూ. ఆవిడ నా వంక జాలిగా చూసి, "లేకపోవడమేంటి నాయనా, కిటికీ పక్క బీరువాలో కింది అరలో ఉండేది" అన్నారు. వెళ్లి చూస్తే అక్కడే ఉంది, వెన్ను మీద నీలం అట్టతో. నలభై ఏళ్లుగా ఆవిడకి తెలిసిన చోటు మా కంప్యూటర్‌కి తెలీదు.

ఎందుకు దొరకలేదో కనుక్కోడానికి నాకు రెండు రోజులు పట్టింది. సంగతి ఇది. మన తెలుగువాళ్లం 'త' రాయాలంటే టి పక్కన హెచ్ పెడతాం. సీత, గీత, లలిత, అన్నిటికీ హెచ్ ఉండాల్సిందే. ఒడియా మిత్రులు పెట్టరు, వాళ్లకి టి ఒక్కటి చాలు. పుస్తకం వివరాలు ఎక్కించింది మా ఒడియా సహోద్యోగి, వెతికింది నేను. ఇద్దరిదీ తప్పు కాదు. అదే సీత రెండు చిరునామాల్లో కాపురముంటోంది, అంతే. ఇంకా తమాషా, ఒడియాలో 'వ'కి, 'బ'కి పెద్ద తేడా ఉండదు కదా, మన వసంత అక్కడ బసంత అవుతుంది, విజయ బిజయ అవుతుంది. ఆ లెక్కన మా కేటలాగులో వేమన గారు ఏ అక్షరం కింద తలదాచుకున్నారో చూశాను. ఆయన నాలుగు చోట్ల ఉన్నారు.

సరిహద్దు జిల్లాల లైబ్రరీల్లో కొత్త టెక్నాలజీ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఏఐ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. మాట్లాడతాను, రేపు. ఇవాళ మాత్రం పుస్తకం పేరు దాని సొంత లిపిలో కొట్టడం నేర్చుకుందాం. అది రానంతకాలం మన దగ్గరున్న తెలుగు పుస్తకాలు ఆన్‌లైన్లో లేనట్టే లెక్క.

పాత జాబితాలు కొన్ని తెలుగులోనే ఉన్నాయి కదా అంటారేమో. అవి అచ్చు పనికి వాడే డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. కంటికి తెలుగే గానీ, లోపల ఇంగ్లిష్ గుర్తులే. ఫాంటు మారితే పిచ్చిగీతలవుతాయి. యూనికోడ్‌లో అలా కాదు, ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య. తెలుగు 'త' 0సి24. ఒడియా 'త' 0బి24. చూశారా, మధ్యలో ఒక్కటే తేడా. మన దేశపు లిపుల్ని ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చారు కాబట్టి అలా కుదిరింది.

ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు కూడా ఇదే పద్ధతి. ఇది 1980ల్లో తయారైనది, ఏ విండోస్ కంప్యూటర్లో అయినా ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. అందులో ఎం నొక్కితే స, ఆర్ నొక్కితే దీర్ఘమైన గుడి, ఎల్ నొక్కితే త. మూడు మీటలు, సీత. ఇప్పుడు భాష ఒడియాకి మార్చి మళ్లీ అవే మూడు నొక్కండి. ఒడియా లిపిలో అదే సీత. ఒకసారి వేళ్లకి అలవాటైతే రెండు భాషలూ వచ్చేసినట్టే. హైదరాబాదులో కూర్చున్నవాడికి ఇది పెద్దగా పనికిరాకపోవచ్చు. పర్లాకిమిడిలో కౌంటర్ మీద ఒకే గంటలో తెలుగు పుస్తకం, ఒడియా పుస్తకం రెండూ ఎక్కించేవాడికి మాత్రం ఇది సగం జీతమంత విలువ. ఫోనులో పలికితే టైపయ్యే సౌకర్యం కూడా వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మన రీడింగ్ రూములో గట్టిగా మాట్లాడొద్దని బోర్డు పెట్టింది మనమే.

ఇంగ్లిష్ అక్షరాల పేరు తీసేయమని కాదు. లైబ్రరీ కేటలాగుకి వాడే కోహా లాంటి సాఫ్ట్‌వేర్లో పుస్తకం పేరుకి 245 అనే గడి ఉంది. అదే పేరుని మరో లిపిలో రాసుకోడానికి 880 అనే గడి ఉంది. రెండూ నింపండి. హెచ్ పెట్టేవాడూ రావచ్చు, పెట్టనివాడూ రావచ్చు.

ఇక ఎలా నేర్చుకోవాలి అన్నది. 2006లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, షార్లెట్ నగర ప్రజా గ్రంథాలయంలో హెలీన్ బ్లోవర్స్ అనే ఆవిడ ఒక పని చేశారు. సిబ్బందికి క్లాసులు పెట్టకుండా, ఇరవై మూడు చిన్న పనులు చెప్పి తొమ్మిది వారాలు గడువిచ్చారు. బ్లాగు తెరవడం, ఫోటో ఎక్కించడం, వికీలో ఒక మాట చేర్చడం, ఇలాంటివి. ఎవరి పని వాళ్లే, తోచినప్పుడు. పూర్తిచేసినవాళ్లకి ఒక ఎంపీత్రీ ప్లేయర్ బహుమతి. నేర్చుకోడానికి ఏడున్నర అలవాట్లు కావాలని ముందుగా చెప్పారు, ఆ చివరి అర ఏంటంటే, ఆడుకోవడం. ఆ పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేస్తే చాలా దేశాల లైబ్రరీలు అందుకున్నాయి.

ఆడుకోవడం అనగానే నవ్వారు కొందరు. నవ్వండి. కానీ మనకి అడ్డంకి తెలివి కాదు, భయం. ఏదో నొక్కితే రికార్డు పోతుందని, పోతే స్టాకు లెక్కలో తేడా వస్తుందని, ఆ తేడా మన జీతంలోంచి కోస్తారని. పది మంది సంతకాలున్న రిజిస్టరు పక్కన పెట్టుకుని ఎవడాడతాడు? అందుకే ఇక్కడ కంప్యూటర్లలో ప్రాక్టీసుకని కేటలాగుకి విడిగా ఒక కాపీ పెట్టించాను. అందులో ఏం చెరిపినా ఎవరి పుస్తకమూ పోదు. మీ ఊరెళ్లాక పైవాళ్లని అడగాల్సింది కూడా ఇలాంటిదే. కొత్త యంత్రం తర్వాత, ముందు పనిగంటల్లో రోజుకో పావుగంట. ఇంటికెళ్లాక నేర్చుకోమంటే, వంట చేసుకుని, పిల్లల హోంవర్కు చూసుకుని ఎవరు నేర్చుకుంటారు?

వయసైపోయింది అనేవాళ్లకి ఒక్క మాట. మన పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర భాషకి నిఘంటువు లేని రోజుల్లో, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, అప్పటికి ఆయనకి అరవై దాటి చాలా ఏళ్లయింది. మన దగ్గర ఆ మనిషి స్థానంలో పక్క కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రాడు ఉన్నాడు. అడగడానికి అహం అడ్డొస్తే టీ ఇప్పించి అడగండి.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎవరి సీట్లో వాళ్లు కూర్చోండి. తలా ఐదు పుస్తకాలు తెమ్మన్నాం కదా, బల్ల మీద పెట్టుకోండి. తెలుగు పుస్తకం తెచ్చినవాళ్ల పక్కన ఒడియా పుస్తకం తెచ్చినవాళ్లు కూర్చుంటారు. ఒకరు ఎక్కించిన పుస్తకాన్ని రెండోవాళ్లు వెతకాలి. దొరక్కపోతే నన్ను పిలవండి. మామ్మగారి పుస్తకం కూడా తెచ్చాను, ముందు దాన్నే ఎక్కిద్దాం.