డ్రాగన్ వెండి యెన్: అసలా, నకిలీనా?

శ్రోతలకు నమస్కారం. పాత జపాన్ నాణేల్లో నకిలీల బెడద బాగా ఉన్నవాటిలో వెండి ఒక యెన్ ఒకటి. ఒకవైపు మెలికలు తిరిగిన డ్రాగన్, రెండోవైపు పూలకొమ్మల దండ, దానిపైన పదహారు రేకుల చేమంతి. 1874లో మొదలైన ఈ నమూనా 1914 దాకా సాగింది. బరువు 416 గ్రెయిన్లు, అంటే 26.96 గ్రాములు. నూటికి తొంభై పాళ్లు, అంటే వెయ్యికి 900, వెండి, మిగతాది రాగి. ఆ 416, 900 అంకెలు నాణెం మీదే ఉంటాయి.

ముందు సంవత్సరం చూడండి. మెయిజి అంటే ఆనాటి చక్రవర్తి యుగం పేరు. నాణెం మీది మెయిజి సంవత్సరానికి 1867 కలిపితే మన లెక్కలో సంవత్సరం వస్తుంది. జపాన్ లిపిలో ఒకటి, రెండు, మూడు అంకెలు అన్ని అడ్డగీతలే. పది మాత్రం కూడిక గుర్తులా ఉంటుంది. మెయిజి 3, అంటే 1870 నాటి యెన్ మీద ఇంగ్లిషు అక్షరాలు ఉండవు, వెనుక కిరణాలు చిమ్మే సూర్యుడు ఉంటాడు. మెయిజి 3 అని వేసి, కింద ఇంగ్లిషులో 'వన్ యెన్' అని ఉంటే ఇక తూకం కూడా అక్కర్లేదు, అది నకిలీ. మెయిజి 4, 5, 6 సంవత్సరాల్లో వెండి ఒక యెన్ అసలు ముద్రించనేలేదు. అయినా సంతల్లో అవి దొరుకుతూనే ఉంటాయి!

తర్వాత తూకం. గ్రాములో నూరోవంతు చూపే కాటా కావాలి. అరిగిన నాణెం కొద్దిగా తరుగు చూపడం సహజమే. డ్రాగన్ పొలుసులు కొత్తగా మెరుస్తూ, బరువు 24 గ్రాములే ఉంటే మాత్రం వద్దనండి. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని తేలినట్టే. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలలేదు, ఎందుకంటే రాగి, ఇత్తడి కూడా అంటుకోవు.

అందుకే నీటి పరీక్ష. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ గోడలకూ తగలకుండా పూర్తిగా ముంచండి. పొడిగా తూచినప్పటి బరువును ఇప్పుడు కాటా చూపే అంకెతో భాగిస్తే దాదాపు 10.3 రావాలి. పూర్తి బరువున్న అసలు యెన్‌కు కాటా 2.6 చూపుతుంది, రాగి-నికెల్ నకిలీకి 3 దాటుతుంది. గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, కాబట్టి నీళ్లలో ఒకసారి కదిపి చూడండి.

ఇన్నీ నెగ్గినా నాణెం అసలుదని చెప్పలేం. ఉదాహరణకు, షోవా చక్రవర్తి హిరోహితో అరవయ్యేళ్ల పాలనకు గుర్తుగా 1986లో జపాన్ 20 గ్రాముల మేలిమి బంగారంతో లక్ష యెన్ల నాణెం తెచ్చింది. అందులోని బంగారం విలువ ముఖవిలువలో సగం కూడా లేదు. దాంతో మోసగాళ్లు నిజమైన బంగారంతోనే నకిలీలు చేశారు. 1990లో లక్షకు పైగా బయటపడ్డాయి. లోహం అసలుదే, ముద్రే దొంగది.

కాబట్టి పది రెట్ల భూతద్దం కింద ముద్రనే చదవాలి. అచ్చుతో కొట్టిన నాణెంలో పొలుసులు, మీసాలు, గోళ్లు విడివిడిగా తేలుతాయి. పోత పోసినదానిలో అవి సబ్బు అరిగినట్టు మొద్దుగా ఉంటాయి, ఖాళీ చోట చిన్న చిన్న గుంటలు కనబడతాయి. అంచు మీద అతుకు గీత ఉందేమో చూడండి. రెండు నాణేల మీద ఒకేచోట ఒకే గీత ఉంటే రెండూ ఒకే మూసలోవేమోనని అనుమానించండి.

కొన్నింటి మీద చిన్న వలయంలో 'గిన్', అంటే వెండి, అనే ముద్ర ఉంటుంది. 1897లో జపాన్ బంగారు ప్రమాణానికి, అంటే డబ్బు విలువను బంగారంతో ముడిపెట్టే పద్ధతికి, మారినప్పుడు వేసిన ముద్ర అది, లోపమేమీ కాదు. దాన్ని పూడ్చి నునుపు చేసి అమ్మేవాళ్లున్నారు. వెలుగులో వంచి చూస్తే ఆ చోట మెరుపు వేరుగా కనబడుతుంది. చైనా వర్తకులు కొట్టిన చిన్న ముద్రలూ చారిత్రకమైనవే, ధరను మాత్రం తగ్గిస్తాయి. లాకెట్‌గా వాడినప్పటి టంకం మచ్చ ఇంకా తగ్గిస్తుంది.

మెయిజి 7, 8, 11, 12 సంవత్సరాల నాణేలు అరుదు, కాబట్టి అంకె దిద్దారేమో చూడండి. విభూతితో తోమకండి, గీటురాయి మీద గీయకండి. కాలంతో సహజంగా నల్లబడిన పైపొరకే సేకర్తలు డబ్బిస్తారు.

ధరకు అడుగు మెట్టు వెండి. పూర్తి బరువు నాణెంలో 24.26 గ్రాముల మేలిమి వెండి ఉంటుంది, దాన్ని ఆనాటి రేటుతో గుణించండి. అంతకంటే చవగ్గా ఇస్తామంటే అనుమానించాల్సిందే. ఖరీదైనది కొనేటప్పుడు నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి సంస్థలు సీలు వేసిన పెట్టెలో ఉన్నదే అడగండి. పెట్టెలకూ నకిలీలు వచ్చాయి. అందుకని దాని మీది నంబరును సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడ ఫొటో ఉంటే చేతిలోని నాణెంతో గీతకు గీత పోల్చి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.