మనస్సాక్షిని బట్టి మదుపు చేస్తే రాబడి తగ్గుతుందా?

సభకు నమస్కారం.

పొగాకు, మద్యం, జూదం కంపెనీల షేర్లను పక్కన పెట్టి పోర్ట్‌ఫోలియో కట్టుకుంటే రాబడి తగ్గుతుందనేవారూ, తగ్గదనేవారూ లెక్కలు చూపుతూనే ఉన్నారు. జరిగిపోయిన కాలపు రాబడినీ, ఇకముందు ఆశించదగిన రాబడినీ కలగాపులగం చేయడం వల్లనే ఈ తగాదా తెగడం లేదని నా అభిప్రాయం.

ఒక పొగాకు కంపెనీ షేరు ధర 100, ఏటా అది ఇచ్చే డివిడెండు 8 అనుకుందాం. నైతిక కారణాలతో పెద్ద ఫండ్లు వరుసగా అమ్ముతూ పోగా ధర 80కి దిగిందనుకోండి. కంపెనీ వ్యాపారంలోగానీ డివిడెండులోగానీ ఏ మార్పూ లేకపోయినా, ఆ ధరకు కొన్నవారికి 8 శాతం కాక 10 శాతం గిడుతుంది. హాంగ్, కాపర్‌చిక్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలో ఇటువంటి షేర్లు పెన్షన్ ఫండ్ల వంటి సంస్థల దగ్గర తక్కువగా ఉన్నాయనీ, పోల్చదగిన ఇతర షేర్లకంటే ఎక్కువ రాబడి ఇచ్చాయనీ తేలింది.

ఇదే లెక్కను తిరగేస్తే, అందరూ మెచ్చే స్వచ్ఛ ఇంధన కంపెనీ షేరు ఆ మెప్పు పెరుగుతున్నంత కాలం లాభం చూపుతుంది గానీ, పెరిగిన ధరకు కొన్నవారికి ఆపై మిగిలేది తక్కువే. 2010ల దశకంలో అమెరికా హరిత షేర్లు బాగా రాణించడానికి వాతావరణ మార్పుపై ఆందోళన అనుకోనంతగా పెరగడమే ముఖ్య కారణమని పాస్టర్, స్టాంబో, టేలర్ అనే ఆర్థికవేత్తలు వాదించారు. 2022లో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 దాదాపు 19 శాతం పడిపోగా, అందులోని ఇంధన రంగం 50 శాతానికి పైగా పెరిగింది. ఒక్క ఏడాది దేనికీ రుజువు కాదు గానీ, చమురు షేర్లు లేనివారికి ఆ ఏడు భారంగానే గడిచింది.

ఇంతకీ మంచి కంపెనీ ఏదో తేల్చేదెవరు? పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో కంపెనీలకు ఆరు రేటింగ్ సంస్థలు ఇచ్చే మార్కులను పోల్చి 2022లో వెలువడిన ఒక అధ్యయనంలో వాటి మధ్య సహసంబంధం (మార్కులు పూర్తిగా కలిసి నడిస్తే ఇది 1) సగటున 0.54 మాత్రమే. 2015 సెప్టెంబరులో ఒక ప్రముఖ సుస్థిరత సూచీ వాహన రంగంలో అగ్రస్థానం ఇచ్చిన వోక్స్‌వాగన్, అదే నెలలో డీజిల్ ఉద్గారాల మోసంలో దొరికిపోయింది.

ఇక ఫీజు సంగతి. ఏటా అదనంగా 0.5 శాతం వసూలు చేసే ఫండులో 20 ఏళ్లు ఉంటే, చివరి మొత్తంలో ఇంచుమించు పదో వంతు దానికే పోతుంది. అందుకే పేరులో ‘హరిత’ అని ఉన్న ఏ ఫండు పత్రం చేతికొచ్చినా నేను మొదట వెతికేది ఆ అంకెనే.