రెండు పట్టాలు, ఒక్కటే ఓపీటీ: బిజినెస్ డ్యూయల్ డిగ్రీకి సంతకం పెట్టే ముందు

(బెంగళూరు, మారతహళ్ళి. పీజీ హాస్టల్ మేడ మీద సాయంత్రం. చేతిలో ఆఫర్ లెటర్.)

నమస్కారం. ఈ కాగితం మా పిన్ని కొడుకుది. ఇక్కడే ఒక ఐటీ కంపెనీలో మూడేళ్ళుగా పని చేస్తున్నాడు. అమెరికాలో ఒక యూనివర్సిటీ వాడికి సీటిచ్చింది. ఎంబీఏ, దాంతోపాటు బిజినెస్ అనలిటిక్స్‌లో ఎంఎస్, రెండూ కలిపి డ్యూయల్ డిగ్రీ.

ఆ రాత్రే హిందూపురం నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "అమ్మా, రెండు డిగ్రీలంటే అక్కడ పని చేసుకునేదానికీ రెండింతలు టైమిస్తారంట గదా? కన్సల్టెన్సీవాళ్ళు చెప్పినారు."

వినగానే నా గుండె గుభేలుమంది. నేను ఇలాంటి కోర్సుకే వెళ్ళినప్పుడు నాకూ ఒక కన్సల్టెన్సీలో అచ్చంగా ఇదే మాట చెప్పారు. నమ్మాను. ఆ నమ్మకం మీదే లోన్ వాయిదాల లెక్క వేసుకున్నాను. మూడో సెమిస్టర్‌లో, అక్కడి ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో కూర్చున్నప్పుడు తెలిసింది అది నిజం కాదని. మా బాబాయి ఆ స్థితికి రాకూడదనే ఈ వీడియో.

(తెర మీద: ఓపీటీ, 12 నెలలు, ఒక స్థాయికి ఒక్కసారి.)

అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద చదివినవాళ్ళు చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి పేరు ఓపీటీ. అది 12 నెలలు. దాన్ని పట్టాల లెక్కన ఇవ్వరు, చదువు స్థాయిని బట్టి ఇస్తారు. బ్యాచిలర్స్‌కి ఒకటి, మాస్టర్స్‌కి ఒకటి, పీహెచ్‌డీకి ఒకటి. ఎంబీఏ మాస్టర్సే, ఎంఎస్సూ మాస్టర్సే. రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయి కాబట్టి రెండింటికీ కలిపి ఒకే ఒక్క 12 నెలలు.

మరి అక్కడ మూడేళ్ళు పని చేసుకోవచ్చని కూడా అంటుంటారు కదా, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? స్టెమ్ పొడిగింపు నుంచి. స్టెమ్ అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్. స్టెమ్ జాబితాలో ఉన్న డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు ఇస్తారు. ఆ జాబితాలో ఉందో లేదో కోర్సు పేరు చూసి కాదు, సిఐపి కోడ్ అనే, కోర్సు ఏ సబ్జెక్టు కిందకి వస్తుందో చెప్పే అంకె చూసి తేలుస్తారు. బిజినెస్ అనలిటిక్స్ కోడ్ 30.7102, జాబితాలో ఉంది. మేనేజ్‌మెంట్ సైన్స్ 52.1301, ఉంది. మామూలు ఎంబీఏకి ఎక్కువగా వాడే 52.0201 లేదు. కొన్ని యూనివర్సిటీలు తమ ఎంబీఏకే స్టెమ్ కోడ్ తెచ్చుకున్నాయి, అందుకే ఒకే పేరున్న రెండు ఎంబీఏలకి రెండు రకాల ఫలితం.

కాబట్టి మావాడి విషయంలో ఆ 24 నెలలు తెచ్చిపెట్టేది ఎంఎస్. ఆ ఎంఎస్ ఐ-20 మీద, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం మీద, కనిపించాలి. ఐ-20 వచ్చాక ఫీజు గడి కంటే ముందు మేజర్ గడులు చదవండి. అక్కడ ఎంబీఏ ఒక్కటే ఉంటే వెంటనే డీఎస్ఓకి, అంటే మన ఐ-20 వ్యవహారాలు చూసే అధికారికి, మెయిల్ పెట్టండి. పొడిగింపు సమయంలో చేసే ఉద్యోగం కూడా ఆ స్టెమ్ డిగ్రీకి సంబంధించినదే కావాలి, కంపెనీ ఇ-వెరిఫైలో, అంటే ఉద్యోగులకి పని అనుమతి ఉందో లేదో చూసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థలో, నమోదై ఉండాలి. అనలిటిక్స్ పట్టా చూపించి బ్రాండ్ మేనేజర్ ఉద్యోగం చేస్తానంటే ఆ ఉద్యోగానికీ చదువుకీ సంబంధం చూపించడం కష్టమైపోతుంది.

ఇంకొకటి, సీపీటీ. చదువు మధ్యలో ఇంటర్న్‌షిప్‌కి ఇచ్చే అనుమతి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ స్థాయిలో ఓపీటీ పోతుంది. డ్యూయల్ డిగ్రీ కోర్సు పొడుగ్గా ఉంటుంది కనుక ఇంటర్న్‌షిప్పులూ ఎక్కువ దొరుకుతాయి. నెలలు రాసి పెట్టుకోండి.

(తెర మీద: తెల్ల కాగితం, పెన్ను. లెక్క.)

ఇప్పుడు డబ్బు. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, లక్షలు పోయేది ఇక్కడే.

ఉదాహరణకి ఎంబీఏకి 54 క్రెడిట్లు (సబ్జెక్టుల బరువు కొలిచే పాయింట్లు), ఎంఎస్‌కి 36 అనుకుందాం. విడివిడిగా చదివితే 90. డ్యూయల్‌లో ఏం చేస్తారంటే, ఎంబీఏ ఎలెక్టివ్‌ల (మనం ఎంచుకునే సబ్జెక్టుల) కింద 9 క్రెడిట్ల ఎంఎస్ సబ్జెక్టులు ఒప్పుకుంటారు. ఎంఎస్‌లో 9 క్రెడిట్ల ఎంబీఏ సబ్జెక్టులు ఒప్పుకుంటారు. ఒకసారి చదివినవి రెండు చోట్లా లెక్కకొస్తాయి. మిగిలేది 72. క్రెడిట్‌కి 1,500 డాలర్లనుకుంటే 27,000 డాలర్లు ఆదా. బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో వేసేది ఈ అంకెనే.

నేను మావాణ్ణి ఒకటే అడిగాను. "ఒరే, డ్యూయల్ లేకపోతే నువ్వు 90 క్రెడిట్లూ చదివేవాడివా?"

"లేదక్కా, ఎంఎస్ ఒక్కటే చేసేవాణ్ణి."

అలాగైతే పోల్చాల్సింది 90తో కాదు, 36తో. అప్పుడు 27,000 ఆదా కాదు, 54,000 డాలర్లు అదనపు ఖర్చు. పైగా ఇల్లు, తిండి, ఇన్సూరెన్స్ విడిగా. ఆ డబ్బుకి ఎంబీఏ అంత విలువ చేస్తుందా అన్నదే అసలు ప్రశ్న. ఇప్పటికే టీమ్‌ని నడిపిన అనుభవం ఉండి, కన్సల్టింగ్ వైపో ప్రొడక్ట్ వైపో మారాలనుకునేవాళ్ళకి చెయ్యొచ్చు. డేటా ఉద్యోగమే కావాలనుకునేవాళ్ళకి చెయ్యదని నా గట్టి అభిప్రాయం.

చాలా ఎంబీఏలకి క్రెడిట్ లెక్కన కాకుండా సెమిస్టర్‌కి ఇంత అని ఫీజు ఉంటుంది. అలాంటి చోట క్రెడిట్లు తగ్గినా సెమిస్టర్ తగ్గకపోతే ఒక్క డాలరూ మిగలదు. స్కాలర్‌షిప్ కూడా చూడండి. మామూలుగా అది ఒక డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, ఆ డిపార్ట్‌మెంట్ సెమిస్టర్ల వరకే ఇస్తుంది. రెండో డిగ్రీ సెమిస్టర్లకి పూర్తి ఫీజు మన నెత్తినే పడుతుంది.

మధ్యలో ఒకటి మానేస్తే? ఆ 9 క్రెడిట్ల వెసులుబాటు రెండూ పూర్తి చేసేవాళ్ళకి. మానేస్తే మిగిలిన డిగ్రీకి మామూలుగా పెట్టిన క్రెడిట్లు మొత్తం కట్టాల్సి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకో, డబ్బు సర్దుబాటు కాకో ఆగిపోయే పరిస్థితి ఎవరికైనా రావచ్చు. ఆ రోజు చేతిలో ఏం మిగులుతుందో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

లోన్ సంగతి. బ్యాంకు వాయిదాలు మొదలుపెట్టేది కోర్సు ముగిశాక, ఆపైన కొన్ని నెలల గడువు తర్వాత. కోర్సు పొడుగైతే వడ్డీ పేరుకునే కాలమూ పెరుగుతుంది. ఆ వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది కానీ గరిష్ఠంగా 8 ఏళ్ళు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే.

(తెర మీద: బన్నేరుఘట్ట రోడ్డు.)

ఈ ఊళ్ళో కాలేజీలు కూడా డ్యూయల్ డిగ్రీ అని బోర్డులు పెడుతున్నాయి కదా, అదేమిటని చాలామంది అడిగారు. అది వేరే సంగతి. 2022లో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో మూడు రకాలున్నాయి. ట్విన్నింగ్ అంటే పట్టా మన కాలేజీది, కొంత చదువు విదేశంలో. జాయింట్ డిగ్రీ అంటే రెండు సంస్థలూ కలిసి ఇచ్చే ఒకే పట్టా. డ్యూయల్ డిగ్రీ అంటే ఒకే సబ్జెక్టులో, ఒకే స్థాయిలో, రెండు సంస్థలూ విడివిడిగా ఇచ్చే రెండు పట్టాలు. అందులో కనీసం 30 శాతం క్రెడిట్లు ఇక్కడి సంస్థలోనే చదవాలి. ఈ నిబంధనల కిందకి వచ్చే పట్టాకి మళ్ళీ ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ (ఇక్కడి పట్టాకి సమానమని చెప్పే కాగితం) కోసం తిరగక్కర్లేదు. ఇక 2025లో బెంగళూరు క్యాంపస్‌కి అనుమతి తెచ్చుకున్న లివర్‌పూల్ యూనివర్సిటీ లాంటివి అసలు డ్యూయల్ కిందకే రావు. అది విదేశీ సంస్థ నేరుగా ఇచ్చే ఒకే పట్టా.

ఆస్ట్రేలియాకి వెళ్ళేవాళ్ళు అక్కడ డబుల్ డిగ్రీ అనే మాట వింటారు. కామర్స్‌తో సైన్సో ఆర్ట్సో కలిపి, విడిగా మూడేళ్ళ చొప్పున పట్టేవి సాధారణంగా నాలుగేళ్ళలో. కోర్సుకి క్రికోస్ కోడ్, అంటే విదేశీ విద్యార్థుల కోర్సుల ప్రభుత్వ జాబితాలోని నంబరు, ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే స్టూడెంట్ వీసా మీద చేరలేరు. క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకి 48 గంటలకి మించి పని చేయకూడదు.

(మళ్ళీ మేడ మీద. చీకటి పడింది. ఫోన్ తెర.)

నిన్న రాత్రి మేమిద్దరం ఇక్కడే కూర్చుని యూనివర్సిటీకి మెయిల్ రాశాం. రెండు చోట్లా లెక్కకొచ్చే క్రెడిట్లు ఎన్ని, ఏ సబ్జెక్టులు? ఐ-20 మీద ఏ సిఐపి కోడ్‌లు వస్తాయి? స్కాలర్‌షిప్ ఎన్ని సెమిస్టర్లకి? ఎంబీఏ మానేస్తే ఎంఎస్‌కి ఇంకా ఎన్ని క్రెడిట్లు కట్టాలి? తెల్లారేసరికి జవాబొచ్చింది. స్కాలర్‌షిప్ నాలుగు సెమిస్టర్లకే, మావాడి కోర్సు ఆరు. లెటర్‌లో ఆ మాట ఎక్కడా లేదు.

మావాడు ఎంఎస్ ఒక్కటే ఉంచుకునే వీలుందా అని ఇంకో మెయిల్ పెట్టాడు. బాబాయి ఆదివారం ప్యాసింజర్‌కి వస్తున్నాడు, కాగితం మీద మళ్ళీ లెక్క వేద్దామన్నాడు. మేం పంపిన మెయిల్‌ని కింద వివరణలో పెట్టాను. కోర్సు పేరు మార్చుకుని వాడుకోండి. జవాబు అర్థం కాకపోతే కామెంట్లో రాయండి, ప్రతి ఒక్కటీ నేనే చదువుతాను.